వీసా కోసం కొన్న బీమా ఆసుపత్రి దాకా వస్తుందా? బిలాస్‌పూర్ నుంచి జర్మనీ వెళ్లే తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న

ఐరోపా సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతికి కాలం చెల్లుతోంది. దాని స్థానంలో 2025 అక్టోబరు 12న ఈఈఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. 29 షెంగెన్ దేశాల సరిహద్దులన్నిటా 2026 ఏప్రిల్ 10 నాటికి ఇది పూర్తిగా అమల్లోకి రావాలన్నది ప్రణాళిక. ఎవరు ఏ రోజు వచ్చారు, ఏ రోజు వెళ్లారు అన్నది ఇక కంప్యూటరే లెక్కగడుతుంది. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉంటే ఆ సంగతి దానంతటదే బయటపడుతుంది. ఈ మార్పు గురించి వచ్చిన వార్తల్లో విమానాశ్రయాల్లో పెరిగిన క్యూల గురించే ఎక్కువగా రాశారు. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. అక్కడ జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది.

రైల్వే గొడుగు కింద గడిచిన జీవితాలు

బిలాస్‌పూర్ తెలుగువాళ్ల కథ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేతో ముడిపడినది. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు ఆ కంపెనీ వేసిన ప్రధాన లైను 1891లో పూర్తయింది. వాల్తేరు కూడా అదే కంపెనీ చేతిలో ఉండేది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వరకు లైను 1931లో పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య దారి ఇంకా దగ్గరైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే బిలాస్‌పూర్‌కూ వెళ్లి రైల్వేలో కుదురుకున్న కుటుంబాలకు ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రం కావడంతో ఊరికీ రైల్వేకూ ఉన్న బంధం మరింత గట్టిపడింది.

ఈ కుటుంబాల్లో పెద్దవాళ్లకు వైద్యమంటే రైల్వే ఆసుపత్రే. కాన్పు అక్కడే, పిల్లల టీకాలు అక్కడే, రిటైరయ్యాక బీపీ, షుగర్ మాత్రలూ అక్కడే. పదవీ విరమణ చేసినవారికి రైల్వే వైద్య పథకం ఉంది, చేతిలో ఉమీద్ కార్డు ఉంది. రైల్వే ఆసుపత్రిలో కుదరని వైద్యానికి రైల్వే గుర్తించిన ప్రైవేటు ఆసుపత్రికి పంపిస్తారు. ఇందువల్ల చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా ఆరోగ్య బీమా దరఖాస్తు నింపాల్సిన పని పడలేదు. మినహాయింపులు, ఉప పరిమితులు, ముందస్తు వ్యాధి వంటి మాటలు వాళ్లకు కొత్త.

పిల్లల దారి వేరు. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీ విశ్వవిద్యాలయాల్లో 49 వేలకు పైగా భారతీయ విద్యార్థులు చదివారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో అతి పెద్ద బృందం మనదే. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. చదువుకు వెళ్లినవాళ్లు ఉద్యోగాల్లో చేరతారు, పెళ్లిళ్లవుతాయి, మనవలు పుడతారు. అప్పుడు అమ్మానాన్నలకు టికెట్లు బుక్కవుతాయి. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. రోజూ కనీసం ఒక మాత్రయినా వేసుకునేవాళ్లు.

రైల్వే వైద్య పథకమూ, ఉమీద్ కార్డూ దేశం దాటితే పనిచేయవు. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు పరిస్థితీ అంతే. భారత్, జర్మనీల మధ్య 2017 మే నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత ఒప్పందం పెన్షన్ చందాల కోసం చేసుకున్నది. సందర్శకుల ఆసుపత్రి ఖర్చులు దాని పరిధిలోకి రావు. పోలండ్ నుంచి మనవడిని చూడటానికి జర్మనీ వచ్చిన పెన్షనర్‌కు ఐరోపా ఆరోగ్య బీమా కార్డు ఉంటుంది, అవసరమైన వైద్యం ఆ కార్డు మీద జరిగిపోతుంది. బిలాస్‌పూర్ పెన్షనర్‌కు అలాంటిదేమీ లేదు. కొడుకు పనిచేసే జర్మనీలోని ప్రభుత్వ ఆరోగ్య బీమాలో భార్యనూ పిల్లలనూ చేర్చుకోవచ్చు గానీ తల్లిదండ్రులను చేర్చుకునే వీల్లేదు.

ఇక మిగిలేది ప్రయాణ బీమా ఒక్కటే.

30 వేల యూరోలు దేనికి?

షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇప్పటి మారకం విలువలో అది సుమారు 30 లక్షల రూపాయలు. ఐరోపా వీసా నియమావళి 15వ అధికరణం ప్రకారం ఈ బీమా షెంగెన్ దేశాలన్నిటా, ఉండే రోజులన్నిటికీ చెల్లాలి. అత్యవసర వైద్యం, అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం, అనారోగ్యం వల్ల స్వదేశానికి తరలించడం, మరణం – వీటి ఖర్చులు భరించాలి.

ఈ నిబంధన ఉద్దేశం ఆతిథ్య దేశపు ఖజానా మీద భారం పడకుండా చూడటం. సందర్శకుడి పాత జబ్బుకు పూర్తి వైద్యం అందేలా చూడటం దీని పని కాదు. అందుకే పాలసీలో ముందస్తు వ్యాధికి ఎంత రక్షణ ఉండాలో నియమావళి చెప్పదు. ఆ ఖాళీలోనే కుటుంబాలు చిక్కుకుంటాయి.

మన దగ్గర అమ్మే ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటిలో ముందు నుంచి ఉన్న జబ్బులకు మినహాయింపు ఉంటుంది. కొన్ని పాలసీలు ప్రాణాపాయ స్థితిలో మాత్రం, అదీ ఒక పరిమితి వరకు, చెల్లిస్తాయి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. కొన్నిటిలో 60 దాటినవారికి గది అద్దెకూ, శస్త్రచికిత్సకూ, డాక్టరు ఫీజుకూ విడివిడిగా ఉప పరిమితులుంటాయి. అలాంటప్పుడు పాలసీ ముఖపత్రం మీద ఉన్న పెద్ద అంకె వాస్తవంలో చేతికందదు. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి గుండెపోటు వస్తే, ఆ గుండెపోటు పాత జబ్బు వల్ల వచ్చిందా కాదా అన్న వాదన అక్కడే మొదలవుతుంది. బీమా ఏజెంటు ‘వీసాకు పనికొస్తుంది’ అని చెప్పిన మాట నిజమే. ఆ పాలసీతో వీసా వస్తుంది. జబ్బు చేసిన రోజున అది ఎంతవరకు ఆదుకుంటుందన్నది వేరే విషయం.

కొడుకో కూతురో సంతకం పెట్టే కాగితం ఇంకొకటుంది. తల్లిదండ్రుల ఖర్చు తానే భరిస్తానని జర్మనీలో ఉన్నవారు అక్కడి విదేశీయుల కార్యాలయంలో ఇచ్చే హామీ పత్రం అది. వెర్‌ప్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అని నోరు తిరగని పేరు. ఫీజు 29 యూరోలే. కానీ అక్కడి నివాస చట్టం 68వ సెక్షన్ ప్రకారం అతిథి కోసం ప్రభుత్వ నిధుల నుంచి ఖర్చయిన మొత్తాన్ని, జబ్బు చేసినప్పటి వైద్యంతో సహా, సంతకం చేసినవారి నుంచి వసూలు చేసుకోవచ్చు. బీమా కాదన్న బిల్లు చివరికి ఆ సంతకం దగ్గరికి వచ్చే వీలుంది. ఉద్యోగంలో కొత్తగా చేరి, ఇంకా విద్యారుణం తీరుస్తున్న పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. పెన్షన్, పొదుపు చాలినంత ఉన్న తల్లిదండ్రులు తమ సొంత ఆర్థిక ఆధారాలు చూపించి కూడా వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండు దారుల్లో ఏది మేలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

రెండోసారి వెళ్లేటప్పుడు పొంచి ఉన్న ప్రమాదం

2024 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ భారతీయులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని నిబంధనల ప్రకారం వాడుకున్నవారికి రెండేళ్లపాటు చెల్లే వీసా, ఆ తర్వాత ఐదేళ్ల వీసా ఇవ్వవచ్చు. పాస్‌పోర్టు గడువు అందుకు సరిపోవాలి. వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రతిసారీ ఆ ఖర్చూ, తిరుగుడూ తప్పడం పెద్దవాళ్లకు మంచి వార్తే.

అయితే ఎక్కువసార్లు వెళ్లగలిగే వీసాకు మొదటి ప్రయాణం వరకే బీమా రుజువు అడుగుతారు. తర్వాతి ప్రయాణాలకు బీమా అవసరమని తెలుసని దరఖాస్తులో సంతకం చేస్తే చాలు. అంటే రెండోసారి, మూడోసారి వెళ్లేటప్పుడు బీమా కొన్నారా అని ఎవరూ అడగకపోవచ్చు. అడిగేవారు లేనప్పుడు ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకుందామనిపించడం సహజం. కానీ మొదటి ప్రయాణానికీ ఐదో ప్రయాణానికీ మధ్య మనిషి వయసు పెరుగుతుంది, జబ్బులూ పెరుగుతాయి. బీమా అవసరం ఎక్కువైనప్పుడే అడిగేవాళ్లు లేకుండా పోతారు.

టికెట్ కంటే ముందు

పాలసీ కొనేముందు కంపెనీని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. ముందు నుంచి ఉన్న జబ్బు వల్ల అత్యవసర పరిస్థితి వస్తే ఎంతవరకు చెల్లిస్తారు? వయసును బట్టి ఉప పరిమితులున్నాయా? ఆసుపత్రికి నేరుగా డబ్బు కడతారా, మనం కట్టి తర్వాత తెచ్చుకోవాలా? జవాబు ఈమెయిల్‌లో తీసుకుంటే తర్వాత వివాదం వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఉన్న జబ్బులన్నీ దరఖాస్తులో రాయాలి. షుగర్ సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందని దాచిపెట్టడం క్లెయిమ్‌ను చేతులారా పాడుచేసుకోవడమే. ఏళ్ల తరబడి రైల్వే ఆసుపత్రి రికార్డుల్లో ఉన్న జబ్బు క్లెయిమ్ విచారణలో దాగదు. మన కంపెనీల పాలసీలను సాధారణంగా భారత్ నుంచి బయల్దేరకముందే కొనాలి. జర్మనీలో అతిథుల కోసం అమ్మే పాలసీలు కూడా ఉన్నాయి, వాటిని అక్కడున్న పిల్లలు తీసుకోవచ్చు. పాత జబ్బుల మినహాయింపు వాటిలోనూ ఉంటుంది గనుక షరతులు పక్కపక్కన పెట్టి చూడాలి. 30 వేల యూరోలు వీసాకు కనీస మొత్తం మాత్రమే. గుండె, మూత్రపిండాల సమస్య ఉన్నవారు అంతకంటే పెద్ద మొత్తానికి తీసుకోవడం మంచిది.

బయల్దేరడానికి రెండు నెలల ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈసీజీ, మూడు నెలల సగటు షుగర్, మూత్రపిండాల పరీక్ష చేయించుకుని కాగితాలు దగ్గర పెట్టుకోవాలి. పళ్లూ కళ్లూ ఇక్కడే చూపించుకోవాలి. జబ్బుల పేర్లు, మందుల అసలు పేర్లు, మోతాదులు, అలర్జీలు రాసిన ఒక ఉత్తరం ఇంగ్లీషులో తీసుకోవాలి. అసలు పేరు ఎందుకంటే మన బ్రాండ్లు అక్కడ ఎవరికీ తెలియవు. డోలో అంటే అర్థం కాదు, పారాసిటమాల్ అంటే తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ అక్కడా అవే పేర్లు.

సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా మందులు జర్మనీకి తీసుకెళ్లవచ్చు. మన డాక్టర్ రాసిన చీటీ మీద అక్కడి మందుల షాపులో మందు దొరుకుతుందని నమ్ముకోవద్దు. అందుకే ఉండే రోజులకు సరిపడా ఇక్కడే సర్దుకోవాలి. రైల్వే ఆసుపత్రిలో ఒక్కసారిగా అన్ని నెలల మందులు ఇవ్వకపోతే మిగతావి బయట కొనుక్కోవాలి. మందులు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ ఉత్తరంతో పాటు చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ను చెకిన్ సామానులో వేయకూడదు. నిద్రమాత్రలు, ఘాటైన నొప్పి మందులు వాడేవారు ప్రత్యేకంగా డాక్టర్ ధ్రువపత్రం తీసుకోవాలి, విమానం మారే దేశపు నియమాలు కూడా చూసుకోవాలి.

దారిలో

బిలాస్‌పూర్ నుంచి ఐరోపా ప్రయాణం చాలామందికి విమానంతో మొదలు కాదు. రైల్లో రాయపూర్, అక్కడి నుంచి ఢిల్లీయో ముంబయో, ఆపైన అంతర్జాతీయ విమానం. తలుపు వేసిన దగ్గర్నుంచి కొడుకు ఇంటి తలుపు తెరిచేదాకా ఒక రోజు దాటిపోతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు డాక్టర్‌ను అడగకుండా ఎక్కకూడదు. జర్మనీ గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. ఇన్సులిన్ వేసుకునే వేళలు ఎలా మార్చుకోవాలో ముందే రాయించుకోవాలి.

పిల్లల కోసం కట్టే మూటలూ చూసుకోవాలి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలతో చేసిన పదార్థాలు ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. నెయ్యి, పాలకోవా ఈ లెక్కలోకే వస్తాయి. తాజా మామిడిపళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయకు అక్కర్లేదు. దుబాయ్ మీదుగా వెళ్లేవారు గసగసాలు అసలు సర్దకూడదు. యూఏఈలో అవి మత్తుపదార్థాల కింద నిషిద్ధం. మసాలా పొడిలో కలిపినా ప్రమాదమే.

అక్కడికి చేరాక

మొదటి రోజే నేర్చుకోవాల్సిన అంకె 112. అంబులెన్సుకూ అగ్నిమాపక దళానికీ ఐరోపా అంతటా ఇదే. జర్మనీలో పోలీసులకు 110. ప్రాణాపాయం లేని జ్వరం, నొప్పి వంటి వాటికి రాత్రిపూట, సెలవు రోజుల్లో 116117కు ఫోన్ చేస్తే అందుబాటులో ఉన్న డాక్టర్ వివరం చెబుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పనిచేసే సిమ్ లేని ఫోన్ నుంచి జర్మనీలో 112కు కాల్ వెళ్లదు. వైఫై మీద వాట్సాప్ చాలులే అనుకుని సిమ్ తీసుకోకుండా ఉండటం పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మంచిది కాదు. ఇంటి చిరునామా పెద్ద అక్షరాల్లో రాసి తలుపు పక్కన అంటించాలి. పేరు, చిరునామా, ఏం జరిగింది అనే మూడు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పడం పిల్లలు దగ్గరుండి నేర్పించాలి.

ఖర్చుకు భయపడి ఛాతీ నొప్పిని రాత్రంతా ఓర్చుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని వైద్యం చేయకుండా తిప్పి పంపడానికి జర్మన్ చట్టం ఒప్పుకోదు. అంబులెన్సుకు బిల్లు వస్తుంది, ఆసుపత్రికీ వస్తుంది. అవి తర్వాతి సంగతి. ఆసుపత్రిలో చేరిన వెంటనే బీమా కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. ఆలస్యంగా చెప్పడం కూడా తిరస్కరణకు కారణం కావచ్చు. జబ్బు పేరు రాసిన నివేదిక, ప్రతి బిల్లు, చెల్లించిన రసీదు దాచుకోవాలి. రక్తంలో చక్కెరను అక్కడ కొన్ని ప్రాంతాల్లో మనలా మిల్లీగ్రాముల్లో కాకుండా మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. కాగితం మీద 5.6 అని ఉంటే అది మన లెక్కలో సుమారు 100. ఈ సంగతి తెలియకపోతే కంగారుపడి మోతాదు మార్చేసుకునే ప్రమాదం ఉంది.

ఇంటి తలుపులు చాలావరకు మూయగానే వాటంతటవే పడిపోతాయి, బయటి నుంచి తెరవడానికి పిడి ఉండదు. చెత్త వేయడానికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. మందుల షాపు గుర్తు ఎర్రటి ఏ అక్షరం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. వంతుల ప్రకారం తెరిచే మందుల షాపు పేరు ఆ షాపు తలుపు మీదే రాసి ఉంటుంది.

వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు ముందు కుడికి చూసే మన అలవాటు అక్కడ పనికిరాదు, ముందు ఎడమకు చూడాలి. కాలిబాట పక్కనే సైకిళ్ల దారి ఉంటుంది. అందులో నడిస్తే వేగంగా వచ్చే సైకిల్ తగులుతుంది. చలికాలంలో మంచు గడ్డకట్టిన ఉదయాల్లో వాకింగ్ మానుకోవడమే మంచిది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ప్రయాణం మొత్తం ఆసుపత్రిలోనే గడుస్తుంది. 45 డిగ్రీలు చూసిన బిలాస్‌పూర్‌వాళ్లకు జర్మనీ ఎండ ఏం లెక్క అనిపించవచ్చు. కానీ అక్కడి ఇళ్లలో చాలావాటికి ఏసీ ఉండదు, ఫ్యానూ ఉండదు. 2003 వేసవిలో ఐరోపాలో వడగాడ్పులకు 70 వేల మందికి పైగా చనిపోయారని అంచనా, వారిలో ఎక్కువమంది వృద్ధులు. దక్షిణాన బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ ప్రాంతాల్లో గడ్డిలో, అడవి దారుల్లో తిరిగి వచ్చాక ఒంటి మీద పిడుదు పురుగులున్నాయేమో చూసుకోవాలి. మెదడు వాపు కలిగించే వైరస్‌ను అవి మోసుకొస్తాయి. దానికి టీకా ఉంది.

రైల్వేవాళ్లకు అక్కడి రైళ్లు చూడాలని ఉంటుంది. స్టేషన్లలో గేట్లు ఉండవు, టికెట్ లేకుండా లోపలికి పోవచ్చు. కానీ తనిఖీలో దొరికితే సిటీ రైళ్లలో 60 యూరోలు కట్టాలి. చాలా నగరాల్లో టికెట్ కొన్నాక మిషన్‌లో ముద్ర కూడా వేయించుకోవాలి, లేకపోతే అది లేనట్టే లెక్క. ఇక సమయపాలన సంగతి. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో వేళకు నడిచినవి 62.5 శాతమే. విమానం అందుకోవాల్సిన రోజున ఒక రైలు ముందుగా బయల్దేరాలి.

89వ రోజున ఆసుపత్రిలో ఉంటే?

ఈఈఎస్ వచ్చాక 90 రోజుల లెక్క ఇంకా ముఖ్యమైంది. తిరుగు ప్రయాణం దగ్గరపడుతుండగా ఆసుపత్రిలో చేరితే ఏం చేయాలి? వీసా నియమావళి 33వ అధికరణం ఇలాంటి సందర్భాల కోసమే ఉంది. చేతిలో లేని కారణం వల్లో, మానవతా కారణం వల్లో గడువులోగా వెళ్లలేనివారికి స్థానిక విదేశీయుల కార్యాలయం ఫీజు లేకుండా వీసా పొడిగించవచ్చు. అయితే గడువు ముగియకముందే డాక్టర్ పత్రంతో అడగాలి. ముగిశాక అడిగితే అది ఉల్లంఘనగా నమోదవుతుంది, మరోసారి వీసా అడిగినప్పుడు అడ్డు వస్తుంది. బీమా కూడా వీసాతోపాటే ముగిసిపోతుందని మరవకూడదు. అందుకే తిరుగు టికెట్‌ను 90వ రోజుకు కాకుండా ఒకటి రెండు వారాలు ముందుకు పెట్టుకుని, బీమాను మాత్రం కొన్ని రోజులు ఎక్కువకు తీసుకోవాలి.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే కథ అక్కడితో ముగిసిపోదు. భారతీయ కంపెనీ పాలసీ అయితే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ భోపాల్ కార్యాలయం పరిధిలో ఉంది.

ప్రభుత్వాలు చేయాల్సింది

2024 మార్చి 1 తర్వాత మొదటి నివాస అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోవడానికి జర్మనీ చట్టం ఒక దారి తెరిచింది. అందుకు ఆరోగ్య బీమా ఉండాలన్నది షరతు. 55 దాటినవారు అక్కడి ప్రభుత్వ బీమాలో కొత్తగా చేరడం దాదాపు అసాధ్యం, ప్రైవేటు బీమా వృద్ధులకు అందనంత ఖరీదు. కాబట్టి చాలా కుటుంబాలకు మిగిలేది 90 రోజుల సందర్శనే. రెండు దేశాలూ వలసలను ప్రోత్సహిస్తున్నప్పుడు, ఆ వలస వెనక మిగిలిపోయిన తల్లిదండ్రుల వైద్యం గురించి ఒప్పందాల్లో ఒక పేరా అయినా ఉండాలి.

మన దగ్గర చేయగలిగినవీ ఉన్నాయి. దేశంలోని ఆరోగ్య బీమా పాలసీలు కొనడానికి 65 ఏళ్ల వయసు పరిమితిని నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ నుంచి తొలగించింది. ముందస్తు వ్యాధులకు వేచి ఉండాల్సిన గరిష్ఠ కాలాన్ని 48 నెలల నుంచి 36కు తగ్గించింది. ఆ దృష్టి ప్రయాణ బీమా మీద కూడా పడాలి. ముందస్తు వ్యాధికి ఎంత చెల్లిస్తారో పాలసీ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో, ఒకే నమూనాలో రాయమని కంపెనీలను ఆదేశించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. లక్షల మంది పెన్షనర్లున్న రైల్వే తన వారి కోసం బృంద ప్రయాణ బీమా మాట్లాడితే ఒంటరిగా కొనేవారికి దొరకని షరతులు దొరుకుతాయి. రైల్వే పెన్షనర్ల సంఘాలు ఎత్తుకోదగ్గ డిమాండ్ ఇది.

అప్పటిదాకా ఈ పని కుటుంబాలదే. విమాన టికెట్ ధర చూసే ముందు పాలసీలో మినహాయింపుల పేజీ చదవాలి. తల్లిదండ్రుల మందుల జాబితా పిల్లల ఫోన్‌లోనూ ఉండాలి. బీమా ఒక పరిమితి దాటి చెల్లించకపోతే ఆ మిగతా డబ్బు ఎక్కడి నుంచి తేవాలో అటూ ఇటూ ఉన్నవాళ్లు ముందే ఒక మాట అనుకోవాలి. ఆ డబ్బు సమకూర్చే దారి కనబడకపోతే, జబ్బు అదుపులోకి వచ్చేదాకా ప్రయాణాన్ని కొన్ని నెలలు వాయిదా వేసుకోవడమే మేలు.